అర నిమిషం ముందు గోల

దశరథం ఇంటి తలుపు పట్టపగలే గడియ వేసి ఉందంటే పెద్దమందడిలో అందరికీ సంగతి అర్థమైపోతుంది: లోపల మ్యాచ్ నడుస్తోంది. ఆయన కూతురు నవనీత రాంచీలో, జాతీయ జూనియర్ అమ్మాయిల హాకీ పోటీల్లో, తెలంగాణ జట్టు గోల్‌కీపర్. ఇవాళ ఒడిశాతో క్వార్టర్ ఫైనల్. కూతురు కాపాడేది ఒక నెట్, తండ్రి ప్రాణం తోడేది ఇంకో నెట్. మొదటిది గట్టిదే. రెండోది మాత్రం మంచం మీద చెంబుకు ఆనించిన ఫోన్లో బఫరింగ్ అంటూ గుండ్రంగా తిరిగి ఇంటిల్లిపాదినీ సఫరింగ్‌లో ముంచుతోంది.

రోడ్డు అవతల లలితమ్మ చాయ్ హోటల్లో పెద్ద టీవీ ఉంది, దానికి వైరు నెట్ ఉంది. అక్కడ బొమ్మ ఇక్కడికన్నా అర నిమిషం ముందు నడుస్తుంది. ఊళ్లో సగం మంది అక్కడే కూర్చున్నారు. దశరథం మాత్రం ఆ చాయ్ ఛాయలకు కూడా పోనన్నాడు. కారణం ఉంది.

మొన్న లీగ్ మ్యాచ్‌లో ఒక మెత్తని బంతి, నాకేం తొందర అన్నట్టు దొర్లుకుంటూ వచ్చి, నవనీత కాళ్ల సందులోంచి లోపలికి పోయింది. ఆ ముక్క కత్తిరించి, నవ్వు బొమ్మలు అంటించి వాట్సాప్‌లో వదిలింది ఎవరో కాదు, పిల్ల సొంత మేనమామ మాసయ్య. కాళ్ల సందులోంచి పోయిన బంతి సాయంత్రానికల్లా మండలంలోని ప్రతి సందులోకీ పోయింది. మర్నాటికి రాంచీ కూడా చేరింది. ఆ మాసయ్యే ఇవాళ హోటల్లో అందరికన్నా ముందు కూర్చున్నాడు.

ఇవాళ పొద్దున నవనీత ఫోన్ చేసింది. ఏడవలేదు. అదే దశరథానికి భయం.

"నాయినా, ఇయ్యాల గూడ నా వల్ల ఓడిపోతే నేను ఇగ హాకీ ఆడ. ఇంట్ల నా పాత కట్టె ఉంది సూడు, పొయిల వెట్టుండ్రి."

"గట్లనకు బిడ్డా..."

అప్పటికే పెట్టేసింది.

అప్పట్నుంచీ ఆ పాత హాకీ కట్టె దశరథం ఒళ్లోనే ఉంది. చేతులకు పనుంటే గుండె కాస్త నిమ్మళిస్తుందని విత్తనం పల్లీలు వొలుస్తున్నాడు. గింజలు పొట్టులోకి, పొట్టు గింజల్లోకి పోతున్నాయి.

"ఏందయ్యా, ఈసారి పొట్టు ఏస్తవా సేన్ల?" అంది భార్య తిరుపతమ్మ.

"నువ్వు ఫోన్ దిక్కు సూడు."

"ఏం సూడాలె, గిర్రున తిరుగుతుంది గద."

అంతలో రోడ్డు అవతల "అయ్యో!" అని పెద్ద కేక. దశరథం చేతిలో కాయ నుజ్జయింది. "పడ్డదే! గోల్ పడ్డది!" అన్నాడు. ఫోన్ చూస్తే బంతి మనవాళ్ల దగ్గరే ఉంది. కొడితే అవతలి గోల్ పక్కనుంచి పోయింది. సంతోషించాలో బాధపడాలో తెలియక మళ్లీ పల్లీల మీద పడ్డాడు.

ఆట అంతా ఇదే వరస. లోపల గోల్ పడకముందే బయట గోల పడేది. చెవుల్లో పత్తి కుక్కుకున్నాడు. చుట్టూ పత్తి చేలే గానీ, ఆ గోలను ఆపే పత్తి ఇంకా పండలేదు. చివరికి అరుపులు చదవడం నేర్చాడు. సాగదీసిన "అయ్యో" అయితే మనవాళ్ల గోల్ తప్పింది. తెగిన "అయ్యో" అయితే మనకు పడింది. ఈలలైతే బతికాం.

చెరో గోల్‌తో ఆట సమానంగా ముగిసింది. ఇక షూటౌట్. అవతలి అమ్మాయి ఒక్కతే బంతితో దూసుకొస్తుంది, ఇవతల నవనీత ఒక్కతే నిలబడాలి.

"తక్కిన పోరిలంత ఏం జేస్తరు?" అంది తిరుపతమ్మ.

"మన లెక్కనే పానం పట్టుకొని సూస్తరు."

ఈల. తెగిన అయ్యో. ఈల. మళ్లీ తెగిన అయ్యో. చూస్తుండగానే చివరి బంతి దాకా వచ్చింది. మనవాళ్లు ఒకటి ముందున్నారు. ఒడిశా చివరి అమ్మాయి రావాలి. నవనీత ఆపితే గెలుపు.

దశరథం ఫోన్ చూడటం లేదు, రోడ్డు వింటున్నాడు. ఈల లేదు. అయ్యో లేదు. గ్లాసు చప్పుడు కూడా లేదు.

"చేతికొచ్చిన గెలుపు పాయె," అన్నాడు. "గంత మంది నోర్లు ఒక్కపారే మూతవడ్డయంటే మల్ల కాళ్ల సందులకెళ్లే పోయుంటది. మొత్తుకుంటందుకు గూడ మొకం లేదు వాళ్లకు."

ఫోన్లో ఆ అమ్మాయి అప్పుడే బంతి ముందుకొచ్చి నిలబడింది. దశరథం బొటనవేలితో బొమ్మ ఆపి, ఫోన్ బోర్లించాడు.

"సూడనియ్యవయ్యా!"

"నేను సూడలేనే. నా పానం ఒప్పదు."

ఇద్దరూ కట్టె వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి తలుపు దబదబా మోగింది.

"బావా! జర తలుపు తియ్యి!"

మాసయ్య. వెనక హోటలంతా ఉంది. లలితమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"సూసినవా బావా?"

"ఏం సూడాలె రా? మీ సప్పుడు బందైనప్పుడే ఎరుకైంది."

మాసయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అరె, బంద్ వెట్టిచ్చిందే నీ కోసం గద! మా లొల్లితోని అన్నీ నీకు ముందే ఎరుకైతున్నయి. ఆఖరుదన్న నీ కండ్లతోని సూస్తవని అందరి నోర్లు మూపిచ్చిన. నువ్వు మొత్తుకుంటే మేం మొత్తుకుందమని కూసున్నం. నువ్వేమో మొత్తుకోవు, మాకు నోర్లు నొస్తున్నయి!"

"అంటే..."

"నేను చెప్ప. ఫోన్ తియ్యి."

దశరథం ఫోన్ తిప్పాడు. బొమ్మ మీద నొక్కాడు. గుండ్రం తిరిగింది. లోపలికి తోసుకొచ్చి పల్లీల మీద నిలబడ్డ ఊరంతా నోరు బిగించింది. ఒడిశా అమ్మాయి వచ్చింది, ఎడమకు ఊగింది, కుడికి కొట్టింది. నవనీత కాళ్లు విప్పలేదు. గోడ కూలినట్టు పక్కకు పడి కట్టె పరిచింది. బంతి కట్టెకు తగిలి బయటికి పోయింది. ఈసారి పిల్ల ఎవరికీ సందివ్వలేదు.

దశరథం అరిచాడు. అప్పుడు పడింది గోల, ఇంట్లోనే.

"బావా," అన్నాడు మాసయ్య మెల్లగా, "గిది గూడ గ్రూపుల వెట్టనా?"

"వెట్టు. నవ్వు బొమ్మలు మాత్రం వెట్టినవో, గీ కట్టె నీ ఈపు మీద ఉంటది."

చెంబు పక్కనే ఫోన్ మోగింది. అవతల ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

"నాయినా... కట్టె పొయిల వెట్టిండ్రా?"

తిరుపతమ్మ దశరథం చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"మనది గ్యాస్ పొయ్యి గదనే, పిచ్చిదానా!"