నీడల పలక

మార్చి పద్దెనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది వెన్న రాసిన రొట్టె, ఉడికించిన గుడ్లు. నా బొటనవేలికి కట్టు ఉందని మా అమ్మాయి గుడ్లు వలిచి, ఉప్పు విడిగా పొట్లం కట్టి పెట్టింది. మా ఆవిడ పోయాక ఇలాంటి పొట్లాలే నాకు రోజు గడిపిస్తున్నాయి.

నేను విమానాలు మరమ్మతు చేసే హ్యాంగర్లో పనిముట్ల గది చూసుకుంటాను. గోడ పొడుగునా ఒక పలక ఉంటుంది. ప్రతి పనిముట్టు ఆకారమూ దాని మీద ఎర్రరంగుతో నీడలా గీసి ఉంటుంది. పనిముట్టును కొక్కేనికి తగిలిస్తే నీడ మూసుకుపోతుంది. షిఫ్టు దిగేటప్పుడు ఎక్కడైనా ఎరుపు కనబడిందంటే, ఆ వస్తువు ఏదో విమానం కడుపులో ఉండిపోయి ఉండొచ్చు. అది దొరికేదాకా ఆ షిఫ్టు ముట్టుకున్న విమానాలేవీ ఎగరకూడదు. పలక నిండిందని చూసి సంతకం పెట్టడం నా పని.

మా మేనేజరును చాటుగా అందరం నిమిషాలాయన అంటాం. ఆయన ఎన్నడూ గొంతు పెంచడు. పొద్దున మీటింగులో, విమానం ఎవరి వల్ల ఆలస్యమైందో ఆ మనిషిని ముందుకు పిలుస్తాడు. "మీరే చెప్పండి, ఎందుకు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా తన చేతి గడియారం చూస్తూ నిలబడతాడు. పోయిన ఏడాది ఒక మెకానిక్, స్క్రూడ్రైవర్ కనబడటం లేదని తనంతట తనే చెప్పాడు. అది సీటు కింద దొరికింది కానీ విమానం ఆలస్యమైంది. అతన్ని వారం పాటు మీటింగులో నిలబెట్టారు. ఆ తర్వాత ఒక పొద్దున గేటు దగ్గర అతని కార్డు పనిచేయలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళమంతా అతన్ని చూడనట్టే వెళ్ళాం.

అప్పటినుంచి మా హ్యాంగర్లో ఒక్క పనిముట్టూ పోలేదు. పైవాళ్ళు నిమిషాలాయనను మెచ్చుకున్నారు. నాకూ సంతోషంగానే ఉండేది.

ఆ రోజు నేను తింటుండగా ఒక మెకానిక్ పొట్టి రాచెట్ అడిగాడు. నట్లు బిగించే పిడి అది. లేచి తీసి ఇవ్వబోతే నా వేలికి జిగురు అంటుకుంది. ధర చీటీ పీకేసిన చోట మిగిలే జిగురు. కంపెనీ పనిముట్లకు ధర చీటీలు ఉండవు.

"పొడుగుది తీసుకెళ్ళు," అని అతన్ని పంపేశాను. నిన్న ఆ రాచెట్ తీసుకున్నవాడు నా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, ఆమె పోయాక నాకు తోడబుట్టినవాడిలా మిగిలినవాడు. పిలిపించాను.

"ఇదెక్కడిదిరా?"

"పలకదే కదా బావా."

"పలకదానికి ధర చీటీ ఉంటుందా?"

అతను వెనక్కి చూసి తలుపు దగ్గరగా వేశాడు. "నిన్న తోక భాగంలో పనిచేశాను. దిగి చూస్తే సంచిలో లేదు. మళ్ళీ ఎక్కి వెతికాను. ఏమో, కాలవలో పడిందో ఏమో. బస్టాండు వెనక షాపులో అచ్చం ఇలాంటిదే దొరుకుతుంది."

"దొరుకుతుందని నీకెలా తెలుసు?"

నావంక జాలిగా చూశాడు. "అందరికీ తెలుసు బావా. మా బట్టలు చూస్తే చాలు, ఆ షాపువాడు కుర్చీ వేస్తాడు."

"ఆ విమానం ఎక్కడుంది?"

"బయటే ఉంది. ఇంకాసేపట్లో జనాన్ని ఎక్కిస్తారు."

నేను లేవబోతే చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే నెల మా ఆవిడకు పురుడు బావా. నా కార్డు కూడా పనిచేయకపోతే దానికేం చెప్పను? అక్క ఉంటే నిన్నిలా వెళ్ళనిచ్చేదా?"

"అక్కను లాగకు ఇందులోకి," అన్నాను. అంత కటువుగా అతనితో ఎప్పుడూ మాట్లాడలేదు.

సంగతి చెప్పడానికి వెళ్తే, నిమిషాలాయన నన్ను కూర్చోమన్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

"పలక నిండుగా ఉందా లేదా?"

"ఉంది సార్, కానీ..."

"నిన్న మీరు సంతకం పెట్టారుగా?"

"పెట్టాను సార్. అక్కడ వేలాడుతున్నది మనది కాదు. మనది విమానంలో ఉండిపోయింది."

"ఉండగా చూశారా?"

"లేదు."

"చూడని వస్తువు కోసం నిండు విమానాన్ని ఖాళీ చేయించమంటున్నారు." నెమ్మదిగా నవ్వాడు. "దాన్ని తగిలించిందెవరో పేరు చెప్పండి చాలు. వెతుకులాట, విమానం తిరిగొచ్చాక చూద్దాం. మీకు రిటైర్మెంటు ఎంతో దూరం లేదనుకుంటా."

లేచి నిలబడ్డాను. "ముందు విమానం సార్," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినబడలేదు. బయట కూర్చునే గుమాస్తా అమ్మాయి నా ముఖం చూసి, నేను దాటేదాకా తలుపు తెరిచి పట్టుకుంది. ఆమె దయ ఈ జన్మకు మరవను.

పలక పక్కన మేకుకు ఒక ఎర్ర ట్యాగ్ ఉంటుంది. ఖాళీ నీడ మీద దాన్ని తగిలిస్తే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి విప్పాల్సిందే. అంతవరకు విమానాన్ని వదలడానికి మేనేజరుకు కూడా వీల్లేదు. పాత నియమం. దాన్ని ఎవరూ కొట్టివేయలేదు, ఎవరూ వాడనూ లేదు. ట్యాగ్ మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది.

రాచెట్ దించాను. ఎర్రటి నీడ బయటపడింది. ట్యాగ్ ఉంగరం ఎంతకీ కొక్కేనికి పడదు, బొటనవేలి కట్టు అడ్డొస్తోంది. వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. బావమరిది. ఆపడానికే వచ్చాడనుకున్నాను. అతను నా చేతిని అలాగే పైకి జరిపి ట్యాగ్ తగిలించాడు. మనిషికి ముచ్చెమటలు పోస్తున్నాయి.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఎవరిది?"

"నాదే మేడమ్. నిన్న తోకలో పోయింది. ఇది నేను కొన్నది," అన్నాడు బావమరిది.

ఆమె తిట్టలేదు. ఫోను అందుకుంది. కాసేపటికి ఎక్కినవాళ్ళంతా విసుక్కుంటూ మెట్లు దిగడం కిటికీలోంచి కనబడింది. ఒక తల్లి నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని దిగింది. నేనిక అటు చూడలేకపోయాను.

ఇన్‌స్పెక్టరమ్మే తోకలోకి పాకింది. తిరిగొచ్చి, గుడ్డలో చుట్టిన రాచెట్‌ను బల్లమీద పెట్టింది. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తీగలుంటాయి. అవి నడిచే కప్పీ పక్కన పడి ఉందట. "ఒక్క కుదుపు చాలు, తీగల్లో ఇరుక్కుపోవడానికి," అంది.

అప్పుడు బొంగరం ముందుకొచ్చాడు. క్షణం కుదురుగా ఉండలేని మెకానిక్, అందుకే ఆ పేరు. ఆ సమయంలో మాత్రం కదలకుండా నిలబడి అన్నాడు: "అన్నా, ఆ మూల కటింగ్ ప్లేయర్ కూడా దించు."

"ఎందుకు?"

"దించన్నా."

దించాను. ఇంకొకతను వచ్చి, సందుల్లోకి చూసే చిన్న అద్దాన్ని పలకనుంచి తీసి బల్లమీద పెట్టాడు. ఇంకొకరు పానా తీశారు. ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. రోజూ నేను తుడిచి, నిండుగా ఉందని మురిసిపోయిన పలక నా కళ్ళముందే గాయాల్లా ఎర్రబడుతూ పోయింది. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు మీద కూలబడింది.

"ఆ ప్లేయర్ ఏ విమానంలో?" అని అడిగింది.

"పొద్దున వెళ్ళింది మేడమ్," అన్నాడు బొంగరం. "చక్రాలు ముడుచుకునే గదిలో పనిచేశాను. ఇప్పుడు తిరిగొస్తూ ఉంటుంది."

ఆమె మళ్ళీ ఫోను చేసి, మిగతా పనిముట్లు పోయిన విమానాలను ఎక్కడివక్కడ ఆపించింది. గాలిలో ఉన్న విమానానికి కబురు వెళ్ళింది. ఫైరింజన్లు రన్‌వే వెంట బారుగా నిలబడ్డాయి. మేం హ్యాంగర్ గుమ్మంలో నిలబడి ఆకాశం చూశాం. పొద్దు వాలుతోంది. దూరాన ఒక దీపం కనబడింది. నిమిషాలాయన ఎప్పుడొచ్చాడో, మా వెనక నిలబడి ఉన్నాడు. ఎవరూ జరిగి చోటివ్వలేదు.

"చక్రాలు దిగాయా?" అని నన్నే అడిగాడు.

"ఇంకా కనబడటం లేదు సార్."

"సరిగ్గా చూడండి." ఆయన కళ్ళు ఒక్కసారి కూడా గడియారం మీదికి పోలేదు. అంతవరకు భయం మాకు మాత్రమే ఉందనుకున్నాను.

దీపం పెద్దదైంది. దాని కింద ముందు చక్రం కనబడింది. తర్వాత ఎడమది. కుడివైపు ఏమీ లేదు. బావమరిది నా భుజం పట్టుకున్నాడు, గోళ్ళు దిగాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా, ఎవరో వద్దంటుంటే వస్తున్నట్టు, అది కూడా దిగింది. విమానం నేలకు తగిలి, ఊగి, పరుగెత్తి ఆగింది. బొంగరం నేలమీద చతికిలబడ్డాడు.

"రేపు పొద్దున అందరూ మీటింగుకి రండి," అన్నాడు నిమిషాలాయన, మళ్ళీ గడియారం చూసుకుంటూ.

"మా కార్డులు పనిచేస్తాయా సార్?" కిందనుంచే అడిగాడు బొంగరం.

ఆయన తన గదివైపు వెళ్ళిపోయాడు.

బావమరిదికి ఒంటరిగా ఇల్లు చేరే ధైర్యం లేకపోయింది. వెంట వెళ్ళాను. అతని భార్య గుమ్మంలోనే నిలబడి, నడుముకు చెయ్యి ఆనించుకుని అంతా విన్నది. ఉద్యోగం మాట ఎత్తుతుందేమోనని ఇద్దరం తలలు వంచుకున్నాం.

"ఆ రెండో విమానంలో వాళ్ళంతా దిగారా అన్నయ్యా?" అని అడిగింది.

"దిగారమ్మా."

"ఎవరికీ ఏమీ కాలేదుగా?"

"కాలేదు."

ఆమె మొగుడి చేతిలోంచి సంచి తీసుకుంది. "కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను," అంది. నావైపు తిరిగి, "దారిలో లైట్లు లేవు, చూసుకుని వెళ్ళండి," అంది. తెల్లారితే గేటు దగ్గర మా ఇద్దరికీ ఏమవుతుందో ఆమెకూ తెలుసు. నేను మెట్లు దిగేదాకా చూసి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.