ఎనభై ఎనిమిదో నంబరు టోపీ

మా వేసవి ఈత శిబిరం ఆరు వారాలు. మిగతా ఏడాదంతా నేను స్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఆ ఆరు వారాల కోసమే తక్కిన నెలలు ఓపిక పడతానని మా తమ్ముడు వెక్కిరిస్తాడు. అబద్ధమేమీ కాదు. తొమ్మిదేళ్ళుగా క్లబ్బువాళ్ళ పూల్ అద్దెకు తీసుకుని, ఏటా యాభై, అరవైమంది పిల్లలకు ఈత నేర్పుతున్నాను. అందరినీ పేరుపెట్టి పిలిచేదాన్ని. పావుగంటకోసారి విజిల్ వేస్తే పిల్లలంతా వచ్చి గోడ పట్టుకోవాలి, నేను పేర్లు పిలవాలి, వాళ్ళు పలకాలి. నా పద్ధతి అంతే. ఎవరైనా పలక్కపోతే, పలికేదాకా తర్వాతి పేరుకు వెళ్ళేదాన్ని కాదు.

ఈ ఏడు మా మరదలు రంగంలోకి దిగింది. తమ్ముడి భార్య. ఆమెది చురుకైన బుర్ర, నాది మొండి బుర్ర అన్నది మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయిన విషయం. కరపత్రాలు వేయించింది, అపార్టుమెంట్లన్నీ తిరిగింది, తల్లిదండ్రులతో ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. నూట ముప్పై ఇద్దరు చేరారు. ఇంతమందిని నేనెక్కడ చూసుకోగలనని పైకి సణిగాను గానీ లోపల పొంగిపోయాను. క్లబ్బు సెక్రటరీ కూడా వచ్చి చూసి, ఈ సీజనంతా వందకు తగ్గకుండా ఉంటే పూల్‌ని మూడేళ్ళపాటు మాకే రాసిస్తానన్నాడు. లేకపోతే దాన్ని పూడ్చి జిమ్ కడతామని ఒక కంపెనీ వాళ్ళు ఆయన చుట్టూ తిరుగుతున్నారట. పూల్ పోతే శిబిరం లేదు. ఊళ్ళో పిల్లలకు అద్దెకిచ్చే పూల్ ఇంకొకటి లేదు.

నూట ముప్పై ఇద్దరి పేర్లు పిలవడానికే పావుగంట పట్టింది. రెండో రోజుకల్లా నా గొంతు పోయింది. అప్పుడు మరదలు నంబర్లు వేసిన తెల్ల రబ్బరు టోపీలు తెప్పించింది. ఒకటి నుంచి ఎనభై దాకా కొత్తవాళ్ళు, వాళ్ళు లోతు తక్కువ వైపు. ఎనభై ఒకటి నుంచి ఈత వచ్చినవాళ్ళు, వాళ్ళు లోతు వైపు. విజిల్ వేయగానే కొంగ తలలు లెక్కపెడతాడు. కొంగ అంటే మా లైఫ్‌గార్డు. గట్టు మీద గంటలకొద్దీ ఒంటికాలి మీద నిలబడతాడని పిల్లలు పెట్టిన పేరు. ఇప్పుడు వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తోంది, పాపం.

వారం రోజులు బండి నల్లేరు మీద నడిచినట్టు నడిచింది.

రెండో వారంలో గురువారం. ఎనభై ఎనిమిదో నంబరు కుర్రాడు ఒకడున్నాడు, గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నట్టుండే తల. ఊపిరి బిగబట్టి అడుగున కూర్చోవడం వాడికి సరదా. ఒకసారి చెవి పట్టుకుని పైకి లాగాను కూడా. ఇంకోవైపు ఇరవై ఏడో నంబరు పిల్ల, ఎనిమిదేళ్ళది, పొడుగాటి జడ. ఆ జడంతా టోపీలో కుక్కేసరికి టోపీ బిగిసి నొప్పెడుతోందని, ఆరోజు బట్టలు మార్చుకునే గదుల బయట వాడితో టోపీ మార్చుకుంది. వాడి టోపీ కాస్త సాగి వదులుగా ఉంది. ఇద్దరికీ బేరం కుదిరింది. నంబరంటే అలంకారం కాదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

ఎనభై ఒకటి నుంచి వంద దాకా లోతు వైపు రమ్మని కొంగ పిలిచాడు. ఆ పిల్ల చెప్పిన మాట వినే రకం. నంబరు పిలిచారు కాబట్టి వెళ్ళింది, మెట్లు దిగింది, గోడ పట్టుకుంది. కుర్రాడేమో ఇరవై ఏడో నంబరు పెట్టుకుని చిన్నపిల్లల మధ్య బంతులాడుకుంటున్నాడు. కొంగ తలలు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది.

పది నిమిషాల తర్వాత ఆ పిల్ల గోడ వదిలింది. నేను వేసుకున్న బట్టలతోనే దూకి పైకి తెచ్చాను. దగ్గింది, నీళ్ళు కక్కింది, ఏడ్చింది. చేతుల మీద ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. వెనకవీధి డాక్టరు మూడు గంటలు దగ్గర పెట్టుకుని చూసి, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదన్నాడు. ఆ మూడు గంటల్లో ఆ పిల్ల నన్నడిగింది ఒక్కటే: ఇవాళ హాజరు వేస్తారా, వేయరా అని.

వాళ్ళమ్మ మందుల షాపులో పనిచేస్తుంది, అక్కణ్ణుంచే పరుగెత్తుకొచ్చింది. టోపీలు మారాయని, నంబరు చూసి లోతుకు పంపామని, తప్పు మాదేనని, నేను చూసి దూకానని చెప్పాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. సాయంత్రానికి గ్రూపు నిండా నాకు దండాలే. ఇరవైమంది మానేస్తారనుకుంటే ముగ్గురే మానేశారు. సెక్రటరీ ఫోన్ చేసి, మీలాంటి మనిషి ఉంటే మాకు ధైర్యమండీ, సీజనయ్యేదాకా ఎందుకు, సోమవారమే కాగితాలు పట్టుకురండి, సంతకం పెట్టేస్తా అన్నాడు. మరదలు నంబర్ల టోపీలన్నీ మూటగట్టి, వైపుకొక రంగు టోపీలు తెచ్చింది, ఇంకో ఇద్దరు లైఫ్‌గార్డుల్ని పెట్టింది.

నేను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. శనివారం మధ్యాహ్నం మరదలికి చెప్పేశాను. నేను ముందే చూశాను. నీళ్ళ కింద ఎనభై ఎనిమిదో నంబరు కనిపించింది. వీడు మళ్ళీ మొదలెట్టాడు, రెండు తగిలించాలి అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. ఎవరో కళ్ళద్దాల పట్టీ వదులైందంటే వంగి బిగించాను. వాణ్ణి తిడదామని వెనక్కి తిరిగితే, టోపీలోంచి జారిన జడ నీళ్ళలో తేలుతోంది.

నువ్వు చూసి వదిలేయలేదు, వాడనుకున్నావు, రెండూ ఒకటెలా అవుతాయని మరదలు వాదించింది. నేను ఒప్పుకోలేదు. చివరికి అంది:

"చెప్పొద్దు అనను వదినా. సోమవారం సంతకం అయ్యాక చెప్పు. ఒక్క రెండు రోజులు."

ఆమె అన్నదాంట్లో దుర్మార్గం ఏమీ లేదు. శిబిరం కోసం నాకన్నా ఎక్కువ తిరిగింది ఆమే. కానీ సంతకం అయ్యాక చెబితే అది చెప్పడం అవ్వదు, నాకు భారం దిగడం అవుతుంది అంతే. ఆదివారం పొద్దున్న ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను.

మూడో అంతస్తు. గుమ్మం ముందు పిల్లల చెప్పులు నాలుగైదు జతలు. వాళ్ళమ్మ కుర్చీలో ఆరేసిన బట్టలు తీసి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. నేను నీళ్ళు తాగకుండానే మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని నాకు తెలుసు.

"ఎంతసేపు?" అని అడిగింది ఆవిడ.

"నిన్న గడియారం పెట్టుకుని మళ్ళీ నడిచి చూశాను. ఇరవై ఆరు సెకన్లు."

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. పక్కగదిలోంచి పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆవిడ తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రేపట్నుంచి దాన్ని పంపను. మిగతా వాళ్ళందరికీ మీరే చెప్పండి, ఈ సాయంత్రంలోపు. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

చెప్తానన్నాను. చెబితే సోమవారం సెక్రటరీ సంతకం పెట్టడని తెలిసే అన్నాను.

"దానికి మాత్రం చెప్పొద్దు మేడం. మళ్ళీ జన్మలో నీళ్ళ దగ్గరికి వెళ్ళదు."

ఈ మాటకు నేను జవాబిచ్చేలోపే పక్కగది తలుపు తోసుకుని ఆ పిల్ల వచ్చింది. వెనకాల ముగ్గురు స్నేహితులు. నన్ను చూడగానే దాని మొహం విప్పారింది. చేయి పట్టుకుని నన్ను కుర్చీలోంచి లేపి, వాళ్ళ ముందు నిలబెట్టింది.

"వీళ్ళు నమ్మడం లేదు మేడం. మీరే చెప్పండి. నన్ను చూడగానే దూకేశారు కదా?"

నేను వాళ్ళమ్మ వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపే తిరిగి ఉంది.

"అవునమ్మా. చూడగానే దూకేశాను" అన్నాను.