తాళం వేసిన వీధి

మా వీధిలో పట్టపగలు ఏ గుమ్మానికి చూసినా తాళమే. లోపల మాత్రం మనుషులు గుర్రు పెట్టి నిద్రపోతుంటారు. దాదాపు అందరం రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ వాళ్లం. పొద్దున్నే ఇంటికొచ్చి కన్ను మూశామో లేదో, గ్యాస్ బండ తెచ్చేవాళ్లూ చీపుర్లు అమ్మేవాళ్లూ వచ్చి తలుపు బాదేవాళ్లు. అందుకని వీధి గుమ్మానికి తాళం తగిలించి, వెనక సందులోంచి ఇంట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాం. మా వీధిలో తాళమంటే ఊళ్లో లేమని కాదు, దయచేసి తలుపు కొట్టొద్దని. ఈ తెలివి ముందు ఎవరికి పుట్టిందో గానీ, మా ఓట్లన్నీ మింగి కూర్చుంది.

ఈసారి ఓటు మాకు ఊరికే వేలికి సిరా పూసుకునే సరదా కాదు. తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి మమ్మల్ని దింపే బస్సు ఒకటుండేది. గిట్టుబాటు కావడం లేదని తీసేశారు. అప్పట్నుంచి లారీల రోడ్డు పక్కన చీకట్లో నడిచి వస్తున్నాం. ఆ నడకలోనే మా వదినని, అంటే మా ఆయన అక్కని, లారీ ఒకటి గుద్దేసి ఆగకుండా పోయింది. ప్రాణం దక్కింది కానీ కాలు వంకర పోయింది. నిలబడలేదని ఆమెను పొయ్యి దగ్గర నుంచి పగటిపూట ప్యాకింగ్‌కి మార్చారు. అప్పుడే వదిన పట్టు పట్టింది, వార్డు ఎన్నికల్లో తనే నిలబడతానని. అడిగేది కొండమీది కోతిని కాదు, ఒక్క బస్సు. మా వీధి మొత్తం వేస్తే గెలుపు ఆమెదేనని అందరూ అన్నారు.

ఎన్నికలకు ముందు ఓటర్లను సరిచూడ్డానికి ఇంటింటికీ ఒక బడి మాస్టార్ని పంపారు. పగలే పంపారు. మూడు సార్లు వచ్చి చూసినా తాళం ఉంటే ఆ ఇంట్లో ఎవరూ లేనట్టేనట. మొదటి రెండు సార్లు ఆయన వచ్చినట్టే మాకు తెలియదు. మూడోసారి నేను పంటి నొప్పితో మేలుకుని ఉన్నాను. కిటికీ అవతల ఆయన తనలో తాను గొణుక్కోవడం వినబడింది, ఇదీ తాళమే అని.

"ఉన్నాం మాస్టారూ, లోపలే ఉన్నాం" అన్నాను.

పాపం, దయ్యం పిలిచినట్టు అదిరిపడ్డాడు. నేను వెనక గుమ్మంలోంచి పరుగెత్తి, సందు చుట్టూ తిరిగి రొప్పుతూ ఆయన ముందు నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, తాళాన్ని చూశాడు, చేతిలో ఉన్న ట్యాబ్‌ని చూశాడు. అందులో మూడోసారి తాళం అని ఒకసారి నొక్కాక ఆ ఇల్లు ఇక తెరుచుకోదట. బడి పిల్లల్ని వదిలేసి ఎండలో తిరగడం తనకు మాత్రం సరదానా అని వాపోయాడు. ఆఫీసుకి వెళ్లి మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నాడు. మంచివాడే. ఆ మంచితనమే నాకు ఒళ్లు మండించింది. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవచ్చు.

ఆఫీసు కిటికీ తెరిచేది మేం నిద్రపోయే వేళ. సరే, నిద్ర మానుకుని వెళ్లాం. ఇంటి రుజువు అడిగారు. కరెంటు బిల్లు ఇంటివాళ్ల పేరు మీద ఉంటుంది, ఆ ఇంటివాళ్లు ఎక్కడుంటారో మా అద్దె తీసుకెళ్లేవాడికే తెలియదు. ఫ్యాక్టరీ నుంచి చీటీ తెస్తే, అది పని చేసే చోటు, పడుకునే చోటుకి కావాలన్నారు. మేం అసలు పడుకుంటే కదా, మీ చుట్టూ తిరగడానికే సరిపోతోంది అంది మా పక్కింటి పిన్ని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో ఆ కిటికీ ముందు తెలిసింది. చివరికి ఎలాగో కాగితాలు తీసుకున్నారు. మళ్లీ ఇంటికొచ్చి చూస్తాం, పగలు ఉండండి అన్నారు.

వీధి వీధంతా తాళాలు తీసేశాం. తలుపులు బార్లా తెరుచుకుని, గుమ్మాల్లో కూర్చుని కునికాం. గ్యాస్ బండలొచ్చాయి, చీపుర్లొచ్చాయి, రావాల్సినవాళ్లు తప్ప అందరూ వచ్చారు. నిద్ర లేక మా ఆయన పొయ్యి దగ్గర తూలి రొట్టెలన్నీ బొగ్గు చేస్తే సూపర్‌వైజర్ నానా మాటలన్నాడు. ఆ తిట్లు తింటుండగానే గడువు అయిపోయిందని కబురొచ్చింది. పగలు మనుషులుండే రెండు మూడు ఇళ్లవాళ్లవి, వాటిలో వదినది, తప్ప మా పేర్లన్నీ జాబితాలోంచి పోయాయి.

అయినా పోలింగ్ రోజు వెళ్లాను, తెగించి. లోపల టేబుల్ దగ్గర ఆ మాస్టారే ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తు పట్టాడు.

"కిటికీలోంచి పిలిచింది మీరే కదమ్మా."

"నేనే. మరి ఆ ఇంట్లో ఉన్నానని మీకు తెలుసు కదా మాస్టారూ."

"నాకు తెలుసు" అన్నాడు. ముందున్న జాబితా నా వైపు తిప్పి, "నాకు తెలిస్తే చాలదమ్మా" అని తల దించుకున్నాడు. వెనక క్యూలోంచి ఎవరో తొందరగా కానీమన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది, అయినా ఎవర్ననాలి? బయటికి వచ్చేశాను.

వదిన ఓడిపోయింది. సొంత వీధివాళ్లే ఆమెను నమ్మలేదని ఊళ్లో నవ్వుకున్నారు. ఆ మాటకి ఆమె కన్నా నేనే ఎక్కువ ఏడ్చాను. వదిన మాత్రం, గెలిచినవాణ్నే అడుగుదాం పదండి అంది. మేం డ్యూటీ దిగి, చేతులకు పిండి ఉండగానే, అటునుంచి అటే ఆయన ఆఫీసుకి వెళ్లాం. ఆయన హాలు మాతో నిండిపోయింది. కొందరు మెట్ల మీదే నిలబడ్డారు.

కొత్త సభ్యుడు మర్యాదగానే మాట్లాడాడు, వదినకి కుర్చీ వేయించాడు. మా వీధి పేరు అడిగి, కళ్లజోడు పెట్టుకుని ఓటర్ల జాబితా తిరగేశాడు.

"మీ వీధిలో ఉన్నదే పదకొండు మందమ్మా" అన్నాడు. "పదకొండు మందికి బస్సు వేయమని ఏ ముఖంతో అడగను?"

వదిన కుర్చీలోంచి కష్టం మీద లేచి, మా వైపు చెయ్యి చూపించింది.

"లెక్కపెట్టండి" అంది.

ఆయన తలెత్తి మమ్మల్ని చూశాడు, గుమ్మం దాకా, మెట్ల దాకా. తర్వాత మళ్లీ జాబితాలోకి చూసి, వేలితో ఒక్కొక్క పేరు మీద ఆగుతూ, ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు.