మూడో వరస

బల్ల మీద శవం చెయ్యి సగం విప్పి ఉంది. చుట్టూ తెల్లకోట్ల పిల్లలు గుమిగూడారు. మూల నిలబడి తడిగుడ్డ పిండుతున్న ఆయమ్మ వాళ్ళలో ఒక్కదాన్నే చూస్తోంది. మూడో వరసలో, మునివేళ్ళ మీద లేచి, ముందువాళ్ళ మెడల సందుల్లోంచి తొంగిచూస్తున్న తన కూతుర్ని.

ఆ మెడికల్ కాలేజీలో అదొక ఆచారం. ప్రవేశ పరీక్షలో పైన నిలిచినవాళ్ళు బల్లకు ఆనుకుని నిలబడి కత్తి పట్టుకుంటారు. తర్వాతివాళ్ళు వాళ్ళ వెనక. కిందామీదా పడి సీటు తెచ్చుకున్న కూలీనాలీ జనం పిల్లలు మూడో వరస. ఏడాది పొడుగునా వీళ్ళు చదివింది తోటివాళ్ళ వీపుల్ని. ఈ శాసనం ఎవరు రాశారో ఎవరికీ తెలియదు గానీ, ప్రొఫెసరు మాత్రం పొల్లుపోనివ్వడు. బల్ల మీది అనాథ బతికున్నన్నాళ్ళూ ఏ వరసలో నిలబడ్డాడో పాపం!

కూతురు ఇప్పటికి పరీక్ష రెండుసార్లు తప్పింది. పుస్తకమంతా కంఠతా వచ్చు. పరీక్షలో శవం చేతిలో దారం కట్టిన నరాన్ని చూపించి పేరడిగితే మాత్రం నోరు పెగల్లేదు. చూస్తేగా చెప్పడానికి! సోమవారం మూడో పరీక్ష. అదీ తప్పితే సీటు పోతుంది. ఈ చేతిని చూడటానికి ఇవాళే ఆఖరి రోజు.

ఈ వరసల సంగతి ఆయమ్మకు ఇవాళే తెలిసింది. రోజూ పాఠం అయ్యాక వచ్చి కడిగి పోయేది. తోటి ఆయా రాకపోవడంతో ఇవాళ ముందే వచ్చింది. కాలేజీలో నువ్వెవరో నేనెవరో అని మొదటిరోజే కూతురికి గట్టిగా చెప్పింది తనే. తల్లి నేల తుడిచేదని తెలిస్తే పిల్లను చులకన చేస్తారని భయం. ఎంత పిచ్చిదాన్ని, తెలియకముందే చేస్తున్నారు కదా అనుకుంది.

"సార్, ఒక్కసారి ముందుకొచ్చి చూస్తాను," అంది కూతురు.

ప్రొఫెసరు తల ఎత్తలేదు. "నీ వరస నీకు తెలుసుగా. ముందు నిలబడాలంటే ముందే మార్కులు తెచ్చుకోవాల్సింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురి మడమలు నెమ్మదిగా నేలకు దిగాయి.

గంట కొట్టారు. ప్రొఫెసరు చేతితొడుగులు విప్పుతూ, శవాన్ని కప్పి చల్లగదిలోకి తోసెయ్యమని ఆయమ్మకు పురమాయించాడు. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పనే. కప్పే గుడ్డ అందుకుంది. కోటు చేతితో కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం వైపు నడుస్తున్న కూతురు కనిపించింది. ఆయమ్మ గుడ్డను మడిచి చంకలో పెట్టుకుంది.

"కప్పనండీ."

"ఏమన్నావ్?"

"నా కూతురింకా చూళ్ళేదు సార్."

సాయంత్రానికి ఈ ఉద్యోగం ఉండదని ఆమెకు తెలుసు. అది పోతే ఇల్లు గడవదనీ తెలుసు.

"రామ్మా," అంది. "ఇలా వచ్చి నా పక్కన నిలబడు."

కూతురు గుమ్మంలో ఆగిపోయింది. ఆమె వెనకే వెళ్తున్న మూడో వరస పిల్లలూ ఆగారు. ప్రొఫెసరు గుడ్డ కోసం చెయ్యి చాపాడు.

ఆయమ్మ దాన్ని వీపు వెనక్కి దాచుకుంది.