బల్లల మీద సున్న

పాత బనియను గుడ్డతో మూడో బల్ల తుడిచి జయరాజ్ నాలుగో బల్ల దగ్గరికి వచ్చేసరికి, కోర్టు గుమాస్తా కుర్చీ జరిపి లేచాడు. అతను గుమ్మం దాటకముందే, అతను వదిలిన డిటెక్టివ్ నవల జయరాజ్ చేతిలో ఉంది. పాత పేపరు అంచు చింపి చేసిన సన్నటి చీటీ ఒకటి చొక్కా జేబులోంచి తీసి, తెరిచి ఉన్న పేజీలో పెట్టి, పుస్తకం మూసి గూట్లో దాని చోట నిలబెట్టాడు. రేపు గుమాస్తా వస్తే పేజీ వెతుక్కోనక్కర్లేదు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు వెళ్ళే దారిలో ఉన్న ఆ గ్రంథాలయంలో, మేడ మీది పఠన మందిరంలో, ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను చేస్తున్న పని ఇదే. పొట్టి మనిషి. పుస్తకాల దుమ్ముకి గోళ్ళ చివర్లు బూడిద రంగుకి తిరిగాయి. వానాకాలం వస్తే ఎడమ మోకాలు మొరాయిస్తుంది. మెదక్ మిషను బడిలో ఎనిమిది దాకా చదివాడు. లేచిన మనిషి జాడ బల్ల మీద ఉండకూడదని అక్కడి పంతులమ్మ అనేది. మిగతా చదువు ఏమైపోయిందో గానీ, ఆ ఒక్క పాఠం మాత్రం బాగా వంటబట్టింది. ప్రమోషను అతను అడగలేదు, ఎవరూ పిలిచి ఇవ్వలేదు. ఈ డిసెంబరుకి, అంటే రెండువేల నాలుగు చివరికి, రిటైర్మెంటు.

కింది అంతస్తులో అప్పటికే కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు వాటి ముందు వరస కట్టి కూర్చుంటున్నారు. కాలం మారింది కాబట్టి ఏ గది ఎంతమందికి పనికొస్తోందో కొలవాలని పై ఆఫీసువాళ్ళు తలపెట్టారు. మేడ మీది మందిరం దండగని తేలితే అక్కడా కంప్యూటర్లే. పుస్తకాలు మూటలు కట్టి చాదర్‌ఘాట్ గోదాముకి పంపుతారు. అక్కడికి పోయిన పుస్తకం తిరిగొచ్చిన దాఖలా లేదు. కంప్యూటర్ల మీద జయరాజ్‌కి కోపమేమీ లేదు. ఒకరి ముందు కంచం లాగి ఇంకొకరికి వడ్డించడమే అతనికి మింగుడుపడలేదు.

కొలవడానికి వచ్చిన అమ్మాయి పేరు నాగవల్లి. బుధవారం, గురువారం మందిరం మూశాక ఆరింటికి వచ్చి, బల్లల మధ్య నడిచి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళింది. రెండు రోజులూ రాసింది సున్నే. బల్లలు అద్దంలా ఉన్నందుకు మార్కులు వేస్తోందనుకుని జయరాజ్ వినయంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇవాళ శుక్రవారం, ఆఖరి రోజు. రెండు సున్నలూ మింగుడుపడక ఆమె మధ్యాహ్నం రెండింటికే మెట్లెక్కింది. మందిరం నిండా తలలు. గుమాస్తా వదిలిన నవల గూట్లో పెట్టి వెనక్కి తిరిగిన జయరాజ్‌కి ఆమె ఎదురైంది.

"ఏం చేస్తున్నారండీ?"

"సర్దుతున్న మేడమ్."

"అయ్యో! చదివినవాళ్ళు బల్ల మీద వదిలిన పుస్తకాలేనండీ నేను లెక్కపెట్టేది. మీరు ఎప్పటికప్పుడు సర్దేస్తే, ఇక్కడ ఎవరూ చదవనట్టే. రెండు రోజులూ సున్నే రాశాను."

జయరాజ్ తను ఇప్పుడే ఖాళీ చేసిన నాలుగో బల్ల వైపు చూశాడు. "అంటే... గా సున్నలు నేనే పెట్టిచ్చిన్నా?"

ఆమె కాగితం అతని వైపు తిప్పింది.

"రెండు దినాలల్ల ఎవలు ఏం చదివిన్రో, ఏ పేజీల ఆగిన్రో నాకు ఎరుకే మేడమ్. చెప్త, రాసుకోన్రి."

"మీ మాట నమ్ముతాను. కానీ ఈ కాగితంలో దానికి గడి లేదండీ. నేను కళ్ళతో చూసిందే రాయాలి. మూడు రోజులూ కలిపి ముప్పై దాటితే మందిరం ఉంటుంది. సాయంత్రం దాకా దేన్నీ ముట్టుకోకండి."

ఆమె కిందికి వెళ్ళింది. జయరాజ్ స్టూలు మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఎవరో లేస్తారు, పుస్తకం ఉండిపోతుంది, అతని వేళ్ళు జివ్వుమంటాయి. గూట్లోంచి ఓ పది తీసి పరిచేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకు తనలో తనే సిగ్గుపడ్డాడు.

మూడింటికి మల్లేశ్వరరావుగారు వచ్చారు. రాజమండ్రి వైపు నుంచి యాభై ఆరులో వచ్చి, కాలువల ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా ఆయనది అదే కుర్చీ. ఆనకట్టల చరిత్ర తీసి, జయరాజ్ పెట్టిన చీటీ బల్ల మీద పెట్టి, చదువుకున్నారు. అయిదింటికి పుస్తకం బోర్లించి లేచారు. జయరాజ్ కదలకపోవడం చూసి, పాపం, తనే సర్దుదామని చెయ్యి చాపారు.

"సార్, సార్! గాడనే ఉండనియ్యున్రి!"

"ఏమయ్యా, ఒంట్లో నలతగా ఉందా?"

"మంచిగనే ఉన్న సార్. గియ్యాల ఒక్క దినం గట్లనే ఇడిశిపెట్టున్రి. రేపు నేను సర్దుత కదా."

ఆరింటికి నాగవల్లి రెండుసార్లు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. ఆమె నవ్వుతూ కాగితం చూపించింది. జయరాజ్ బల్లలు తుడిచే గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

"రేపు ఆఫీసరుగారు చూసి సంతకం పెట్టేదాకా ఇలాగే ఉండనివ్వండి," అంది ఆమె.

తాళం వేసే ముందు అతను వెనక్కి తిరిగి చూశాడు. విందు ముగిసి ఇంకా విస్తళ్ళెత్తని పందిరిలా ఉంది మందిరం. చూడలేకపోయాడు, అయినా సంతోషమే వేసింది. ఇంతమంది తిన్నారన్నమాట.

సికింద్రాబాద్‌లో ఇంటికి చేరి, అన్నం తింటూ ఆ ముప్పై నాలుగు సంగతి భార్య సుగుణమణికి రెండుసార్లు చెప్పాడు. ప్రార్థన చేసుకుని పడుకున్నాడు. పొద్దున ఆమె టీ తెచ్చి లేపితే లేవలేదు.

పదింటికి ఆఫీసరు వచ్చి, చూసి, సంతకం పెట్టి వెళ్ళాడు. మందిరం నిలిచింది. పన్నెండింటికి జయరాజ్ ఇంటినుంచి ఫోను వచ్చింది. సర్దుదామని నాగవల్లి ఒక పుస్తకం చేతిలోకి తీసుకుంది గానీ, అది ఏ గూటిదో తెలియక ఎక్కడిది అక్కడే పెట్టేసింది.

మూడింటికి మల్లేశ్వరరావుగారు వచ్చారు. మెట్ల దగ్గరే ఎవరో చెప్పారు. ఆయన తన కుర్చీ దగ్గరికి వచ్చారు. పదకొండేళ్ళలో మొదటిసారి, నిన్న వదిలిన పుస్తకం వదిలినచోటే బోర్లా ఉంది. దాని పక్కన, ఎవరూ పేజీలో పెట్టని ఆ సన్నటి పేపరు చీటీ.