విసిరిన చేతికే

పొద్దున్న ఆరయ్యేసరికి చోడవరంలో కేబుల్ సత్యారావు వీధరుగు కిక్కిరిసిపోయేది. అమెరికాలో రాత్రి ఆడే బాస్కెట్‌బాల్ ఇక్కడ పొద్దున్నే టీవీలో వచ్చేది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని కొందరు, టీ గ్లాసుతో కొందరు కూర్చుని గొంతు చించుకునేవాళ్ళు. అది చూస్తూనే తౌసీఫ్ ఆట నేర్చుకున్నాడు. తండ్రి షాపులో మోటార్లకి వైండింగ్ చేస్తూ చేస్తూ, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ దాకా వచ్చాడు. టీవీ ముందు అతని చోటులో ఇంకొకణ్ణి సత్యారావు కూర్చోనిచ్చేవాడు కాదు.

సత్యారావు తల్లి దేముడమ్మ కంటి ముందు ఎవరేం విసిరినా గాల్లోనే ఆగిపోతుంది. ఊరందరికీ తెలిసిన సంగతే. విసిరినవాడే, విసిరిన చేత్తోనే దించుకోవాలి. విసురంతా ఆ చేతికే తగులుతుంది. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఇత్తడి చెంబు విసిరాడు. మర్నాడు దించుకోబోయి వేళ్ళు చితికి, నెల్లాళ్ళు ఎడమచేత్తో అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో చెంబులు చెంబుల్లాగే ఉన్నాయి.

తొంభై ఎనిమిదిలో చలికాలం వచ్చింది గానీ ఆట రాలేదు. టీముల యజమానులకీ ఆటగాళ్ళకీ డబ్బు దగ్గర చెడి, యజమానులు లాకౌట్ పెట్టేశారు. లాకౌట్ అంటే ఏం చెయ్యాలో మనవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. గేటు ముందు షామియానా వెయ్యాలి. అమెరికా గేటు అందదు కనక సత్యారావు గేటు ముందు వేశారు. బ్యాంకు గుమస్తా ఫణిశ్రీనివాస్ మైకు పట్టుకున్నాడు. "ఆటగాళ్ళ ఐక్యత" అని అతనంటే, "వర్ధిల్లాలి" అని తౌసీఫ్ అందరికన్నా గట్టిగా అరిచాడు.

"ఒరే, నానేటి సేసేన్రా? తాళం ఏసినోడు అక్కడున్నాడు!" అన్నాడు సత్యారావు.

"బొమ్మ వేసేవాడివి నువ్వు. మాకు మేనేజ్‌మెంటు నువ్వే!" అన్నాడు ఫణి.

వీళ్ళని చల్లబరుద్దామని సత్యారావు మర్నాడు పాత ఆట క్యాసెట్ వేశాడు. అదే కొంప ముంచింది. సమ్మె జరుగుతుంటే దొంగదారిన పనిలోకి దిగినవాణ్ణి ఏం చేస్తారో అదే చేశారు. టీవీ పగిలింది. వైర్లు తెగాయి. షామియానా గుంజ పీకి సత్యారావు మూతి మీద కొడితే రెండు పళ్ళు రాలాయి. చొక్కా అంతా నెత్తురు. మోకాళ్ళ మీద కూలబడినవాడికి ఎదురుగా తౌసీఫ్ కనిపించాడు.

"నువ్వూ వచ్చేవేట్రా? నీ మొకానికి రైల్వే ఉద్యోగమా? పోయి మోటార్లు సుట్టుకో!"

తౌసీఫ్ ఇటుక ముక్క తీసి నుదురు చూసి విసిరాడు. అప్పుడే దేముడమ్మ గుమ్మంలోకి వచ్చింది. నుదుటికి జానెడు దూరంలో ఇటుక ఆగిపోయింది.

పోలీసులొచ్చారు, అందరూ పరుగో పరుగు. ఇటుక మాత్రం అరుగు మీద గాల్లో అలాగే ఉండిపోయింది. సత్యారావు ఎటు నడిస్తే అటు తిరిగేది.

జనవరిలో అమెరికా వాళ్ళు రాజీపడి చేతులు కలుపుకున్నారు. ఇక్కడ ఎవరూ ఎవరితో కలపలేదు. "ఆడు కనబడితే సెయ్యి నరికేస్తాను" అని సత్యారావు కత్తి నూరాడు. తౌసీఫ్ ఆ వీధిలోకే రావడం మానేశాడు.

ఇంతలో దేముడమ్మ మంచాన పడింది. డాక్టరు పెదవి విరిచాడు. మంచం అరుగు మీదకి తెప్పించుకుని, ఇటుక మీద నుంచి చూపు తిప్పకుండా, తౌసీఫ్‌కి కబురు పెట్టింది. అతను వచ్చాడు. సత్యారావు కత్తి అందుకుంటే తల్లి కళ్ళతోనే ఆపింది.

"దించుకో బాబూ. నాను కళ్ళు మూస్తే అది ఆగదు. మా యమ్మదీ ఇదే కన్ను. ఆవిడ పోయినప్పుడు ఓ కొడవలి రెండూళ్ళు దాటెల్లి మనిషిని నరికింది."

"ఎల్లుండే నా ట్రయల్స్, మామ్మా. ఈ చేత్తోనే ఆడాలి. రెండ్రోజులు ఆగలేవా?"

చావబోయే మనిషిని ఆగమంటున్నాడని అతనికే తెలిసి, సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఆగాలనే సూస్తన్నాను. కన్ను నిలబడట్లేదు బాబూ."

ఇన్నాళ్ళూ ఆమె నిద్రపోయినా కదలని ఇటుక, ఇప్పుడు రెప్ప వాలినప్పుడల్లా కాస్త ముందుకి జరుగుతోంది. సత్యారావు గోడకి ఆనుకుపోయాడు.

"ఎల్లిపోరా," అన్నాడు, రెండు పళ్ళు ఊడిన నోటితో. "ట్రయల్స్ సూసుకునొచ్చెయ్. అమ్మ ఉంటాది."

దేముడమ్మ రెప్ప మళ్ళీ వాలింది. ఈసారి లేవలేదు. ఇటుక కదిలింది. తౌసీఫ్ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు.

ఎముకలు విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

తల్లి పోయిందని సత్యారావుకి తెలుసు. అయినా కత్తి పారేసి, ముందు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు.