ఎవరికీ పంపని ఉత్తరం

యాకయ్య భార్య కట్టమ్మ దినాల నాడు, విస్తళ్లలో అన్నం వడ్డించాక, ఆమె తమ్ముడు పెంటయ్య లేచి నిలబడి బావను పోలీసులకు అమ్ముడుపోయినవాడన్నాడు. కూర్చున్నవాళ్లంతా ముద్ద ముట్టకుండా లేచిపోయారు. ఆ మాటకు యాకయ్య దగ్గర మాఫీ లేదు.

అవి సకల జనుల సమ్మె రోజులు. నర్మెట్ట జేఏసీలో కబుర్లు పంపే పని యాకయ్యది. జనగామ బస్టాండు పక్కన శోభారాణి నడిపే నెట్ సెంటర్‌లో కూర్చుని, ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ, ఏ రోజు ఏ రోడ్డు ఆపాలో మానుకోటకు, భూపాలపల్లికి మెయిల్ చేసేవాడు. నెల రోజుల్లో నాలుగుసార్లు, జనం చేరేసరికి పోలీసు వ్యాన్లు ముందే వచ్చి ఉన్నాయి. చెల్పూర్ రోడ్డు మీద టెంటు వేసేవాళ్లను గుంజలతో సహా ఎత్తుకుపోయారు. ఏ ఊరికి ఆ ఊరి సంగతే పోయేది; అన్నీ ముందుగా తెలిసినవాడు యాకయ్య ఒక్కడే. పెంటయ్య లెక్క అది.

దినాలు గడిచిన వారానికి యాకయ్య శోభారాణి ముందు కూర్చున్నాడు.

"బిడ్డా, నేను ఎవ్వనికి చెప్పలే. మరి మాట ఎట్ల పోతున్నది?"

ఆమె కంప్యూటర్ చదువు చదివిన మనిషి. ఆయన కూర్చునే కంప్యూటర్‌లో లోపల నడుస్తున్నవన్నీ తెరిచి పొద్దంతా ఒక్కొక్కటే చూసింది.

"బాపు, గిది చూడు. నేను పెట్టింది కాదు. స్పైవేర్ అంటరు. చాటుకు కూసుంటది. నువ్వు కొట్టిన ప్రతి అక్షరం రాసుకుని ఎవనికో పంపుతది. నువ్వు తుడిపేసింది సుత."

"పాస్‌వర్డ్ ఉన్నది కద?"

"మూడూర్లకు ఒకటే పాస్‌వర్డ్, జై తెలంగాణ! ఊర్ల గోడలన్నిటి మీద గదే రాసి ఉన్నది. ఏది పెట్టినా, నువ్వు కొట్టంగనే దానికి తెలుస్తది."

"ఎట్ల జొర్రింది?"

ఉద్యమ పాటల పెన్‌డ్రైవ్‌తో. భూపాలపల్లి సభలో ఎవరో పంచారు. అందులోని ప్లేయర్‌ను ఎక్కిస్తేనే పాట మోగేది. పాటతో పాటు ఇదీ ఎక్కింది. ఆ పెన్‌డ్రైవ్ తెచ్చి, తన చేత్తో పెట్టి, సౌండు పెంచినవాడు పెంటయ్య.

శోభారాణి దాన్ని తీసేయబోయింది. యాకయ్య ఆపాడు.

మరునాడు పెంటయ్యనూ, జేఏసీ పెద్ద తుల్సీరాంనూ పిలిపించాడు.

"ఏంది యాకయ్యా, తప్పు ఒప్పుకుంటవా?" బావ అనడం పెంటయ్య ఎప్పుడో మానేశాడు.

"కూసో. రేపు ఏ ఊర్ల రోడ్డు ఆపాల్నో నువ్వే అనుకో. ఎవ్వనికి చెప్పకు. మెయిల్ల కొట్టు, పంపకుండ తుడిపెయ్."

"గిదేం ఆట?"

"కొట్టుర. భయమైతున్నదా?"

మిగతా ముగ్గురూ బయట నిలబడ్డారు. పెంటయ్య కొట్టాడు, తుడిపాడు. తుల్సీరాం బావాబామ్మర్దుల ఫోన్లు రెండూ జేబులో వేసుకుని, ఇద్దరినీ తన తండాకు తీసుకుపోయాడు.

పొద్దున చిట్యాల నుంచి తుల్సీరాంకు ఫోను వచ్చింది. చౌరస్తాలో మూడు పోలీసు వ్యాన్లు దిగాయట. రోడ్డు ఆపేవాడు ఒక్కడూ లేడు, పోలీసులు చాయ్ తాగుతున్నారట.

"పెంటయ్యా, నిన్న ఏ ఊరు కొట్టినవ్?"

"చిట్యాల."

"ఎవనికి చెప్పినవ్?"

"ఒట్టన్నా, ఎవ్వనికి చెప్పలే."

"యాకయ్య సుత గంతే. ఎవ్వనికి చెప్పలే."

ఆ సాయంత్రమే యాకయ్య మళ్లీ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని, నర్మెట్ట చౌరస్తా అని ఒంటివేలితో తీరిగ్గా కొట్టాడు. మరునాడు వ్యాన్లన్నీ నర్మెట్టలో కాపలా కాశాయి. నోటి మాటతో పిలిచిన జనం మాత్రం మానుకోట పట్టాలు నింపేశారు. పొద్దుగూకేదాకా ఒక్క రైలు కదల్లేదు. మైకులో తుల్సీరాం జరిగిందంతా చెప్పి యాకయ్య పేరు పలికితే, పట్టాల మీది జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. యాకయ్య తల ఎత్తుకునే నిలబడ్డాడు.

శోభారాణి కంప్యూటర్లన్నీ తుడిచి ప్రోగ్రాములు మళ్లీ కొత్తగా ఎక్కించింది. ఏ ఊరి పాస్‌వర్డ్ ఆ ఊరికే, అదీ తుడిచిన ఆ కంప్యూటర్ల మీదే మార్చింది. తన అనుమతి లేకుండా ఏ ప్రోగ్రామూ ఎక్కకుండా తాళం పెట్టింది. పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్లకు ఒకటే మాట: "పాట కావాల్నా? నోటితోని పాడుండ్రి."

ఆ స్పైవేర్‌ను ఎవడు పెట్టించాడో తేలలేదు.

పెంటయ్య నర్మెట్ట వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "బావా, గా రోజు నేను..."

"గా ముచ్చట ఈ వాకిట్ల ఎవ్వడు తియ్యొద్దు. నేను సుత తియ్య."

రాష్ట్రం వచ్చిన రోజున కూడా పెంటయ్య మిఠాయి పట్టుకుని వచ్చాడు, మళ్లీ అదే మాట ఎత్తాడు. యాకయ్య మిఠాయి తీసుకుని, వానలు ఎప్పుడు పడతాయని అడిగాడు.